తోడి స్వరాల్లో గాంధీ, వేదిక మీద సెలెస్

బరంపురంలో ఉంటూ ఒపెరా, అంటే పాటలతోనే కథ నడిచే పాశ్చాత్య నాటకం, వినాలనుకునేవారికి ఇయర్‌ఫోన్లే దిక్కు. గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఉంది, తెలుగువాళ్ల పేటల్లో అడపాదడపా పద్యనాటకమూ ఆడతారు గాని, ఫిలిప్ గ్లాస్, స్టీవ్ రైక్ వంటి నేటి పాశ్చాత్య స్వరకర్తల గురించి మాట్లాడేవారు నాకు ఇక్కడ తారసపడలేదు. ఆ లోటును పాడ్‌కాస్టులతో తీర్చుకుంటున్నాను. వాటిలో చాలావాటికి మాటలెక్కువ, సంగీతం తక్కువ. రియానన్ గిడెన్స్ నిర్వహించే ‘ఆరియా కోడ్’ మాత్రం ఆ కోవలోకి రాదు. ఒక్కో భాగంలో ఒక్క పాటనే తీసుకుని, గాయకులూ ఇతరులూ దాన్ని విప్పి చెప్పాక, చివర ఆ పాటను మధ్యలో ఎవరూ నోరు మెదపకుండా మొత్తం వినిపిస్తారు. వ్యాఖ్యానం ఎంత బాగున్నా, చివరికి పాటకు దారి వదలాలన్నది నా అభిప్రాయం.

అలా గ్లాస్ వెంటపడి ‘సత్యాగ్రహ’ దగ్గరకు చేరాను. 1980లో రోటర్‌డామ్‌లో తొలిసారి ప్రదర్శించిన ఈ ఒపెరాకు దక్షిణాఫ్రికాలో గాంధీ గడిపిన కాలం ఇతివృత్తం కాగా, పాత్రలు పాడేవి మాత్రం భగవద్గీత శ్లోకాలు, అవీ సంస్కృతంలోనే. పాశ్చాత్య శ్రోతకు ఆ మాటలు ఉత్త ధ్వనులుగా వినిపించవచ్చు. మనకు ఆ వెసులుబాటు లేదు. చివరి గీతంలో గాంధీ పాత్రధారి ‘బహూని మే వ్యతీతాని’ అని ఎత్తుకోగానే మనసు నాలుగో అధ్యాయంలోకి వెళ్లిపోతుంది, ఉచ్చారణలోని తేడా కాసేపు ఇబ్బంది పెడుతుంది. ఆ గీతంలో పైకి ఎక్కే ఒకే స్వరవరుస 30 సార్లు వస్తుంది. దాన్ని వాళ్లు ఫ్రిజియన్ అంటారు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన మా పెదనాన్నకు వినిపిస్తే, ఆయన పెట్టె ముందుకు లాక్కుని, మూడు శ్రుతిలో షడ్జమం పట్టి, నల్ల మెట్ల జోలికి పోకుండా పై షడ్జమం దాకా ఒక్కొక్క మెట్టే నొక్కుకుంటూ వెళ్లారు. “ఇవి మన తోడి స్వరాలేరా, గమకం ఒక్కటే లేదు” అన్నారు. లెక్క సరిపోయింది. ఎనిమిదో మేళకర్త రాగమైన హనుమతోడి స్వరస్థానాలు అవే. గమకంతో గాంధారం ఊగకపోతే తోడి తోడిలా వినబడదు గాని, ఇక్కడ స్వరం నిటారుగా నిలబడటమే అందం. ఈ మాటకు పెదనాన్న ఒప్పుకోలేదు.

ఆయనకు నచ్చింది మరో సంగతి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపెరాలో గాయకుడు ఒంటరిగా పాడిన పాటను వెంటనే మళ్లీ పాడటం ఆనవాయితీ కాదు. 2008లో హువాన్ డియేగో ఫ్లోరెస్, తారస్థాయి స్వరాన్ని తొమ్మిదిసార్లు అందుకోవలసిన, దోనిజెట్టి స్వరపరచిన పాటను జనం చప్పట్లకు తిరిగి పాడితే అది పెద్ద వార్త అయింది. మన రంగస్థలం మీద మంచి పద్యానికి వన్స్‌మోర్ పడకపోతేనే వార్త.

వీడియో గేముల కథల దగ్గరకు వచ్చేసరికి పాడ్‌కాస్టుకు కాళ్లాడవు. ‘ఫైనల్ ఫాంటసీ 6’ (1994) లోని ఒపెరా ఘట్టమే తీసుకోండి. మరియా అనే గాయనిని ఎత్తుకుపోవడానికి ఒక జూదరి వస్తున్నాడని తెలిసి, ఆమె పోలికలున్న సెలెస్ అనే మాజీ సేనానిని ఆమె స్థానంలో వేదిక ఎక్కిస్తారు. పాట పాదాలు ముందే చదివి గుర్తుపెట్టుకోవాలి, పాడే సమయంలో తరువాతి పాదం ఏదో ఆడేవారే ఎంచుకోవాలి, తప్పితే ప్రదర్శన ఆగిపోతుంది. నోబువో ఉఎమాత్సు స్వరపరచిన ఆ పాటలో అప్పట్లో మనిషి గొంతు లేదు, గొంతును పోలిన యంత్రధ్వని మాత్రమే ఉంది. 2022లో ‘పిక్సెల్ రీమాస్టర్’ పేరుతో వచ్చిన ఆ గేము కొత్త రూపంలో నిజమైన గాయనుల చేత పాడించారు. నాకు పాతదే ఇష్టం, ఎందుకంటే పాడటం చేతగాని సెలెస్‌కు ఆ అరకొర గొంతే నప్పింది. స్వరరచన గురించి పాడ్‌కాస్టులో ఎంతైనా చెప్పవచ్చు గాని, పాదం మరిచిపోతానేమోనన్న బెదురును మాత్రం వినిపించలేరు. అందుచేత ఆ ఘట్టంపై చర్చలు వినబోయేవారు ముందు అక్కడిదాకా ఆడి రావడం మంచిది. కొత్త రూపం ఫోన్లో కూడా దొరుకుతోంది.