పట్టి వదిలేసే ఉద్యోగం

"సొరని పట్టి, కొలిచి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాం" అంటే ఉప్పాడలో మా అమ్మ నమ్మలేదు. "దీనికి జీతం ఎవడిస్తాడ్రా?" అంది. మా ఇంట్లో సొర అంటే పిట్టు. పాలసొరైతే బాలింతకి పాలు పడతాయని అడిగి మరీ కొంటారు. ఆవిడ అనుమానంలో తప్పేం లేదు.

నేనుండేది బహామాస్‌లోని బిమినీ దీవిలో. మయామీకి 80 కిలోమీటర్లు. లెమన్ షార్క్ పిల్లలు ఇక్కడి మడచెట్ల మధ్య, లోతు లేని నీళ్ళలో పెరుగుతాయి. పుట్టినప్పుడే 60 సెంటీమీటర్లుంటాయి, అయినా పెద్ద సొరల భయానికి మొదటి రెండు మూడేళ్ళూ ఆ మడలు వదిలి పోవు. సొరల శాస్త్రవేత్త శామ్యూల్ గ్రూబర్ 1990లో ఇక్కడ పరిశోధనా కేంద్రం పెట్టారు. 1995 నుంచి ఏటా ఈ పిల్లల్ని పట్టి గుర్తు వేస్తున్నారు.

పొద్దుగూకగానే వల వేస్తాం. పావుగంటకోసారి చూసుకోవాల్సిందే, ఆలస్యమైతే వలలో పడ్డ పిల్ల ఊపిరాడక చస్తుంది. నడుంలోతు నీళ్ళు, నెత్తిన లైటు, ఇక దోమల సంగతి చెప్పక్కర్లేదు. పిల్లని వెల్లకిలా తిప్పితే కిమ్మనకుండా పడుంటుంది. వీపు రెక్క మొదట్లో సూదితో వరిగింజంత చిప్ ఎక్కిస్తాం. దానికి బ్యాటరీ ఉండదు, రీడర్ దగ్గర పెడితేనే నంబరు చెబుతుంది. పొడవు, బరువు, ఆడో మగో రాసుకుని, డీఎన్ఏ కోసం రెక్క అంచున చిన్న ముక్క కోసి వదిలేస్తాం.

చిప్ వేసే ముందు రీడర్ తిప్పి చూడాలి. అది బీప్ మందంటే, ఎంత నిద్రమత్తులో ఉన్నవాళ్ళైనా లేచి వస్తారు. పోయినేడాది పిల్లే! ఎంత పెరిగిందో తెలుస్తుంది. దొరికినవాటిలో పాతవెన్ని, కొత్తవెన్ని అన్నదాన్నిబట్టి మొత్తం ఎన్నున్నాయో, ఎన్ని బతికాయో లెక్క కడతారు. కొత్తవి ఎన్ని దొరికినా ఆ సంబరం రాదు.

1993-97 మధ్య ఇక్కడ పుట్టిన ఆడ సొరల్లో కనీసం ఆరు, 14 నుంచి 17 ఏళ్ళ తర్వాత ఇక్కడికే వచ్చి పిల్లల్ని కన్నాయని 2014లో తేల్చారు. తల్లీపిల్లల లెక్క కుదిరింది డీఎన్ఏ వల్లే. నేను చిప్ వేసిన పిల్ల తల్లయ్యేనాటికి పన్నెండేళ్ళు దాటుతాయి. నా వీసా అంతకాలం ఉండదు. ఆ బీప్ ఇంకెవరో వింటారు.

టేకు చేపలతో (స్టింగ్‌రేలతో) మాత్రం ఇంత ధీమాగా ఉండలేం. మా నాన్న పడవలో టేకు పడితే ముందు తోక ముల్లు నరికేసేవాడు. ఇక్కడ నరకకూడదు, గట్టి గుడ్డ చుట్టి పని కానివ్వాలి. పెద్ద సొరలకి శబ్దం చేసే ట్యాగులు పెడతాం. సముద్రం అడుగున కట్టిన రిసీవర్లు, ట్యాగున్న సొర కొన్ని వందల మీటర్ల దూరంలోకి వస్తే దాని నంబరూ వేళా నమోదు చేసుకుంటాయి. డైవర్లు పైకి తెచ్చేసరికి ఆ రిసీవర్ల ఒళ్ళంతా గుల్లలు పట్టేసి ఉంటాయి. ఆ గుల్లలు గీకడం మాత్రం కొత్తగా చేరినవాళ్ళ పని. వీడియో కాల్‌లో అమ్మకి కనబడ్డ నా చేతి మీది గీతలన్నీ ఆ గుల్లలవే, సొర కోరలవి కావు.