జీతం కాదు, ఫీజు

"అక్కా, లీగల్ స్టాఫింగ్ ఏజెన్సీ తరఫున పని చేస్తే బార్ కౌన్సిల్‌లో అడ్వకేటుగా మన ఎన్‌రోల్‌మెంట్ సస్పెండ్ చేయించుకోవాలా?" కోర్టులో జూనియర్లు ఈమధ్య నన్ను తరచూ ఇదే అడుగుతున్నారు. అక్కర్లేదు. కాకపోతే అది మీరు సంతకం పెట్టే కాగితంలో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విశాఖ జిల్లా కోర్టులో సివిల్ ప్రాక్టీసు చేస్తాను. మిగిలిన సమయంలో ఒక లీగల్ స్టాఫింగ్ ఏజెన్సీ ద్వారా కంపెనీలకు పని చేస్తాను. ఏజెన్సీ బెంగళూరులో, నేను సీతమ్మధారలో. ఏదో కంపెనీలో లా ఆఫీసర్ ప్రసూతి సెలవు పెడితే ఆ 26 వారాలూ వాళ్ల కాంట్రాక్టులు చూడ్డానికి మనిషి కావాలి. అంతమాత్రానికి కొత్త ఉద్యోగిని తీసుకోలేరు, పెద్ద లా ఫర్మ్‌కి అప్పగిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అలాంటి చోటికి మమ్మల్ని పంపుతారు.

ఇప్పుడు అసలు సంగతి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వది చదవండి. ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు ఎవరి దగ్గరా పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేయకూడదు. చేరితే బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీసు ఆపాలి. 2001లో హిమాచల్‌ప్రదేశ్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ కేసులో ఆయన ఎన్‌రోల్‌మెంట్ రద్దును సుప్రీంకోర్టు సమర్థించింది. ఇంకో సంగతి కూడా ఉంది. కంపెనీలో జీతానికి పనిచేసే లాయరుకి భారతీయ సాక్ష్య అధినియమ్ 132వ సెక్షన్ కింద క్లయింటు రహస్యాల రక్షణ వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఉద్యోగం అయినా కాకపోయినా ఒకటే అనుకోవడానికి లేదు.

2024లో ఇంకో ఏజెన్సీ నాతో ఒక పని చేయించుకుని, డబ్బు వేసేటప్పుడు 192 సెక్షన్ కింద టీడీఎస్ కోసింది. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో అది జీతాల సెక్షన్. మనకి వర్తించాల్సింది 194జె, ప్రొఫెషనల్ ఫీజు, 10 శాతం. కోసిన మొత్తంలో పెద్ద తేడా లేదు. కానీ పన్ను శాఖ దగ్గరుండే నా 26ఏఎస్ పట్టికలో 'జీతం' అని నమోదవుతుంది, రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే సాక్ష్యం. "మేడమ్, అందరికీ ఇలాగే చేస్తాం" అన్నారు. వాళ్లు టీడీఎస్ రిటర్న్ సవరించి వేసేదాకా నేను ఊరుకోలేదు. ఆ టెన్షన్ మరే జూనియర్‌కీ వద్దు.

కాబట్టి ఒప్పందంలో 'ఉద్యోగి', 'నెల జీతం', 'వేరే పని చేయరాదు' అన్న మాటలుంటే తీయించండి. బిల్లు మీ పేరుతో మీరే ఇవ్వండి. ఏజెన్సీ వాళ్ల చార్జీ కంపెనీ దగ్గర వాళ్లే విడిగా తీసుకోవాలి. అడ్వకేటు కానివాళ్లతో ఫీజు పంచుకోవడం నిబంధనల ప్రకారం కుదరదు. అలాగే ఏజెన్సీ వెబ్‌సైటులో మీ ఫొటో పెట్టి 'ఉత్తమ లాయర్' అని ప్రచారం చేస్తామంటే వద్దనండి, అది 36వ నిబంధనకి విరుద్ధం.

ఇంత జాగ్రత్త పడుతూ ఈ పని ఎందుకంటే, జూనియర్లకి చేతికొచ్చేది మరీ తక్కువ. పట్టణాల్లో జూనియర్లకి కనీసం 20,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫారసు చేసింది. సిఫారసే, ఆదేశం కాదు. అద్దె కట్టలేక ప్రతిభ ఉన్న పిల్లలు కోర్టు వదిలేసి వెళ్లిపోతుంటే నాకు బాధేస్తుంది. కాంట్రాక్టుల పని వాళ్లని ఇక్కడే నిలబెట్టగలదు.

కాంట్రాక్టుల కన్నా నాకు ఇష్టమైనది భూమి టైటిల్ పని, అంటే స్థలం మీద హక్కు ఎవరిదో తేల్చడం. ఇందులో మన ఊరి లాయరుకి సాటి లేదు. బయటి కంపెనీ గోదాము కోసం స్థలం కొనాలనుకుంటుంది, ఈసీ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉందని సంబరపడుతుంది. ఆ సర్వే నంబరు అడవివరంలోనో వేపగుంటలోనో ఉందంటే నేను అక్కడే ఆగిపోతాను. సింహాచలం పంచగ్రామాల భూముల మీద దేవస్థానానికీ, అక్కడ ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లకీ మధ్య దశాబ్దాలుగా వివాదం నడుస్తోందని ఇక్కడ పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. ముందు రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22ఏ నిషేధిత జాబితా చూస్తాను, తర్వాత లింకు డాక్యుమెంట్లు (ఆ భూమి పాత దస్తావేజులు), రెవెన్యూ రికార్డులైన 1బి, అడంగల్. పాత దస్తావేజులు చేతిరాతలో ఉంటాయి. 'తూర్పు: ఫలానావారి జీడితోట, దక్షిణం: గెడ్డ' అని హద్దులు రాసుంటాయి. గెడ్డ అంటే వాగు. ఆ గెడ్డ ఇప్పుడు రోడ్డు కింద ఉంటుంది. అది ఎక్కడుండేదో ఆ ఊరి పెద్దల్ని అడిగి, వెళ్లి చూసి మరీ రాస్తాను. నా రిపోర్టు చదివి ఒక కంపెనీ అడ్వాన్సు ఇవ్వకుండా ఆగింది. ఆ రోజు నాకు కోర్టులో డిక్రీ వచ్చినంత తృప్తి.

ఏజెన్సీ పనిలో మరో చిక్కు, రెండు వైపులా మనమే తేలడం. కంపెనీ పేరు చివరిదాకా చెప్పరు. నేను మాత్రం పార్టీల పేర్లు, సర్వే నంబరు ఇవ్వనిదే ఫైలు తెరవను. మొన్న ఆనందపురం వైపు స్థలం ఒకటి వచ్చింది. అమ్మేవాళ్ల పేరు చూస్తే మా సీనియర్‌గారి పాత క్లయింట్లు, వాళ్ల దావాలో అఫిడవిట్ నేనే తయారుచేశాను. కారణం వివరించకుండా, 'కుదరదు' అని మాత్రం చెప్పి వెనక్కి పంపాను. ఏజెన్సీ కోఆర్డినేటర్ ఏమీ అనుకోలేదు, విజయనగరంలో ఇంకొకరికి ఇచ్చారు. మరుసటి వారం నాకు ఇంకో ఫైలు పంపారు.