అంబాసిడర్ రిమ్ములు: ఇప్పటివరకు జరిగిన పని

ఐదు రిమ్ముల్లో రెండింటికి రంగు పూర్తయింది. ఒకటి ప్రైమర్ దశలో ఉంది, ఒకదాన్ని పక్కన పెట్టేశాను, స్టెప్నీది ఇంకా బట్టల సోడా కలిపిన నీళ్లలోనే నానుతోంది. బండి 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2. పదిహేను అంగుళాల ఉక్కు చక్రాలు, 5.90 సైజు టైర్లు, లోపల ట్యూబులు. తిరుపతిలో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ప్రస్తుతం స్టాండ్ల మీద నిలబడి ఉంది.

టైర్లు విప్పడమే మొదటి పెద్ద పని. ఏళ్ల తరబడి కదలని బండి కాబట్టి టైరు అంచు తుప్పుతో రిమ్ముకు అతుక్కుపోయింది. సుత్తితో కొడితే రిమ్ము అంచు వంగుతుంది. అందుకే రాత్రంతా సబ్బు నీళ్లు పట్టించి, పొద్దున రేణిగుంట రోడ్డులోని పంక్చర్ షాపులో ప్రెస్సు మీద నొక్కించాను. టైరు ఊడి రాగానే లోపలి నుంచి పిడికెడు తుప్పు పొడి రాలింది. షాపతను ట్యూబు తిప్పి చూపిస్తూ, "ట్యూబులో లోపమేమీ లేదన్నా, రిమ్మే దీన్ని అరగదీసింది" అన్నాడు. వాల్వు రంధ్రం గుండా తేమ లోపలికి చేరి, అక్కడే ఉండిపోయి, ట్యూబు ఆనుకునే భాగమంతా గరుకుతేలింది. పాత బండ్లకు కారణం తెలియకుండా పదే పదే గాలి దిగుతుంటే ముందుగా చూడాల్సిన చోటు ఇదే.

దీనికంటే మొండిది అతుకులోని తుప్పు. మధ్యలోని డిస్కు, చుట్టూ ఉన్న రిమ్ము కలిసే చోట వెంట్రుకంత సందు ఉంటుంది. అందులో దిగిన నీరు తొందరగా ఆరదు. ఇనుము తుప్పు పట్టినప్పుడు దాని ఘనపరిమాణం పెరుగుతుంది కాబట్టి ఆ సందు ఇంకా విచ్చుకుంటుంది, ఇంకా నీరు చేరుతుంది. పైన ఎంత మెరిసే రంగు వేసినా, ఈ సందును వదిలేస్తే రెండు వానాకాలాల్లో గోధుమరంగు చార కిందికి కారుతుంది. నా దృష్టిలో రిమ్ము పనంటే ఈ అతుకు పనే, మిగతాదంతా దాని తర్వాతే.

రంగు సంగతికి ముందు పగుళ్లు చూసుకోవాలి. స్టడ్ల (చక్రాన్ని బండికి బిగించే బోల్టుల) రంధ్రాల చుట్టూ శుభ్రం చేసి, కిరోసిన్ పూసి, కాసేపాగి గుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లాను. పగులు ఉంటే లోపల మిగిలిన కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నటి గీతలా బయటపడుతుంది. ఎడమ వెనుక చక్రానికి ఒక రంధ్రం పక్కన ఆ గీత కనిపించింది. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందని తెలిసినవారు ఇద్దరు ముగ్గురు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఈ బండి మా నాన్నగారి చేతుల్లో చాలాసార్లు తిరుమల కొండ ఎక్కింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చేవరకు ఎక్కినా దిగినా 1944 నాటి మొదటి రోడ్డే దారి. మలుపు తిరిగిన ప్రతిసారీ పక్కకు లాగే బరువంతా మోసింది ఆ స్టడ్ల రంధ్రాల చుట్టూ ఉన్న లోహమే. అక్కడ అతుకు వేసిన చక్రం మీద మనుషులను కూర్చోబెట్టి తిప్పడం నాకు ఇష్టం లేదు. అంబాసిడర్ తయారీ 2014 వరకు సాగింది కాబట్టి పాత సామాన్ల దుకాణాల్లో చక్రం దొరకడం కష్టం కాదు. స్టడ్ల మధ్య దూరం, డిస్కు లోతు కొలిచి సరిచూసుకుని తెచ్చుకోవాలి, అంతే.

తుప్పు తీయడానికి ఆటోనగర్‌లో అడిగితే ఇసుక బ్లాస్టింగ్ చేస్తామన్నారు. ఇసుక ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఆ పని చేసే కుర్రాడికి సరైన ముసుగు కూడా లేదు, అందుకే వద్దన్నాను. ఇంట్లోనే విద్యుత్ పద్ధతి పెట్టుకున్నాను. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్మును అడ్డంగా సగానికి కోసి, లీటరు నీటికి సుమారు ఒక టీస్పూను చొప్పున బట్టల సోడా కలిపాను. బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ రిమ్ముకు, పాజిటివ్ తీగ పాత ఇనుప కడ్డీలకు తగిలించాలి. తారుమారైతే రిమ్మే కరుగుతుంది. కడ్డీలు రిమ్ము చుట్టూ నాలుగు వైపులా ఉంటేనే తుప్పు సమంగా వదులుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వాడకూడదు, వాటి నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి వస్తుంది. ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అదీ పనికిరాదు. మామూలుగానే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి డ్రమ్ము ఆరుబయట పెట్టి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోవాలి. తీగలు తాకే ముందు ఛార్జర్ ఆపేయాలి. ఈ పద్ధతిలో మంచి ఉక్కు కాస్తయినా అరగదు. తుప్పు నల్లటి బురదగా మారి, బ్రష్షుతో రుద్దితే ఊడిపోతుంది.

తీసిన వెంటనే ఆరబెట్టడం మరో పరీక్ష. పచ్చి ఉక్కు మీద గంటలోపే నారింజ రంగు పొర వస్తుంది, అందులోనూ ఇక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు. నీళ్లతో కడిగి, కంప్రెసర్ గాలిని అతుకులోకి గట్టిగా కొట్టి, ఆపైన హీట్ గన్‌తో చేయి పెట్టలేనంత వేడి చేశాను. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు రంగు డబ్బా మూత తీయలేదు.

పౌడర్ కోటింగ్ గురించి చాలా ఆలోచించాను. చూడటానికి అందంగా ఉంటుంది, దెబ్బలకు ఆగుతుంది. కానీ రాయి తగిలి ఒకచోట పెచ్చు లేస్తే కింద తుప్పు పాకుతున్నా పైకి తెలియదు, ఇంట్లో సరిచేసుకోలేం. అందుకే రెండు డబ్బాల్లోని ద్రవాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, పైన పీయూ (పాలీయురేథేన్) రంగు. జింకు ప్రైమర్ తుప్పంతా పోయి శుభ్రమైన ఉక్కును నేరుగా తాకితేనే పనిచేస్తుంది, సన్నటి గుంటల్లో కాస్త తుప్పు మిగిలిన నా రిమ్ములకు అది సరిపడదు. ఆ గుంటలకు ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి, బాగా కడిగేశాను. ఆమ్లం మిగిలితే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు. మొదటి పూత గన్‌తో కాదు. థిన్నర్ కలిపి పలుచన చేసిన ప్రైమర్‌ను సన్న కుంచెతో అతుకు వెంట పోస్తూ వెళ్తే సందే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. అది గట్టిపడ్డాక రెండు వైపులా సీమ్ సీలర్ (అతుకుల సందు మూసే ముద్ద) పట్టించాను. ఒకవైపు మాత్రమే మూస్తే రెండో వైపు నుంచి వచ్చిన నీరు బయటికి పోలేక లోపలే నిలుస్తుంది. పీయూ గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించగలవు, మామూలు గుడ్డ ముసుగు వాటిని ఆపదు.

నట్లు కూర్చునే వాలు అంచులకు రంగు తగలకుండా చెక్క బిరడాలు చెక్కి పెట్టాను. అక్కడ మందంగా రంగు ఉంటే, నట్టు బిగించిన తర్వాత అది నలిగి బిగువు తగ్గిపోతుంది. ఆ అంచులకు సన్నటి ప్రైమర్ పూత మాత్రం చాలు. బండి కదిలాక తొలి వంద కిలోమీటర్ల లోపే నట్లన్నీ మళ్లీ బిగించి చూడాలి.

రంగు విషయంలో ఎక్కువ తర్జనభర్జన పడలేదు. హబ్ క్యాపు కింద ఎండ తగలని చోట పాత మీగడ రంగు మిగిలి ఉంది, దుకాణంలో దాన్ని చూపించి కలిపించాను.

ఇక స్టెప్నీ. డిక్కీలో నీరు నిలిచి అన్నింటికంటే ఎక్కువ తుప్పు దానికే పట్టింది. టైరు అంచు కూర్చునే భాగంలో గుంటలు లోతుగా ఉన్నాయి. బురద కడిగాక మందం కొలుస్తాను. చాలినంత లేకపోతే ఒకటికి బదులు రెండు చక్రాలు వెతకాలి. దొరికినవాటికి కూడా కిరోసిన్, సుద్ద పరీక్ష, డయల్ గేజ్‌తో వంపు చూడటం అయ్యాకే డ్రమ్ములోకి.