తొమ్మిదో తేదీ, బరువు చూసే బల్ల దగ్గర

నెల నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి కాబట్టి ఉదయం ఎనిమిదిన్నరకే వరండా నిండిపోయింది. నా పని ఎత్తు, బరువు, బీపీ చూసి కార్డులో రాయడం. ఎండ, పసిపిల్లల ఏడుపులు, రక్తపరీక్షల వరుసలో తోపులాట. అన్నీ మామూలే.

ఒక అమ్మాయి మాత్రం ఇంకా మనసులో నుంచి పోలేదు. మూడో నెల, తొలి కాన్పు. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. ఆమె బల్ల దిగుతుండగా వెనక నిలబడ్డ ఒకావిడ అందరికీ వినపడేలా అనేసింది: "ఇంత ఒళ్లుంటే బిడ్డ అవకరంతో పుడుతుందట!" అమ్మాయి మొహం పాలిపోయింది. పక్కనున్న అత్తగారు కూడా మాట్లాడలేదు. రద్దీ తగ్గాక ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. "ఆమె అన్నది నిజమేనా సిస్టర్?"

ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎంత నిజమో చెప్పకుండా వదిలేయడమే క్రూరత్వం. అందుకే కూర్చోబెట్టి లెక్క చెప్పాను. స్వీడన్‌లో 2001 నుంచి 2014 దాకా పుట్టిన 12 లక్షలకు పైగా బిడ్డల వివరాలతో 2017లో ఒక అధ్యయనం వచ్చింది. సరిపడా బరువున్న తల్లుల బిడ్డల్లో వెయ్యికి 34 మందిలో పెద్ద లోపాలు కనిపించాయి. బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చెప్పే లెక్క, 35 నుంచి 40 లోపు ఉన్న తల్లుల బిడ్డల్లో వెయ్యికి 42. ఈ అమ్మాయిది 35 దాటింది కాబట్టి ఆ కోవలోకే వస్తుంది. 40 దాటినవారిలో 47. వాటిలో గుండె లోపాలే ఎక్కువ. "అంటే వెయ్యిలో తొమ్మిది వందల యాభైకి పైగా పిల్లలకు అలాంటివేమీ లేవు కదమ్మా" అని అత్తగారే తేల్చి చెప్పింది. ఆవిడ మీద గౌరవం కలిగింది నాకు.

ఇప్పుడు బరువు తగ్గించుకోవాలని తిండి మానకూడదని గట్టిగా చెప్పాను. ఇద్దరి కోసం తినాలన్న మాటా పక్కన పెట్టమన్నాను. ఇంత బరువుతో మొదలైనవాళ్లు కాన్పు దాకా ఐదు నుంచి తొమ్మిది కిలోలు పెరిగితే చాలు. ముఖ్యంగా చూడాల్సింది చక్కెర. బయటపడని మధుమేహం తొలి వారాల్లోనే బిడ్డ గుండె, వెన్ను ఏర్పడడాన్ని దెబ్బతీయగలదు. లావున్న తల్లుల్లో ఈ ముప్పు పెరగడానికి అదీ ఒక కారణం. గ్లూకోజు తాగించి పరీక్ష ఇవాళే చేయించాం. రెండు గంటల తర్వాత 140 లోపే వచ్చింది. ఆరో నెలలో మళ్లీ చేయాలి. ఐదో నెలలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే స్కాన్) తప్పనిసరి అని కార్డు మీద ఎర్రసిరాతో రాశాను. పొట్ట మీద కొవ్వు ఎక్కువగా ఉంటే బొమ్మ మసకగా వస్తుంది, రెండోసారి రమ్మంటే కంగారు పడొద్దని ముందే చెప్పి పంపాను.

ఇంటికొచ్చాక నన్ను వేధిస్తున్నది వేరే సంగతి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసి, పుట్టింటికి ఫోను చేసి, మా వరండాకు వచ్చేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది. తల్లి స్థూలకాయురాలైతే ఆ గొట్టం సరిగా మూసుకోకపోయే ప్రమాదం దాదాపు రెట్టింపు. మూడో నెలలో బల్ల ఎక్కించి బరువు ఎక్కువని మందలిస్తే ఎవరికి మేలు? ఆ మాట పెళ్లయిన కొత్తలో మెల్లగా, ఒంటరిగా చెప్పాలి. ఆ గొట్టం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా అప్పుడే చేతిలో పెట్టాలి. గర్భం కోరుకునేవారు ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని రక్తహీనతను తగ్గించే ప్రభుత్వ కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లోనే ఉంది. లావున్నవాళ్లకు ఎంత మోతాదో డాక్టరే నిర్ణయిస్తారు.

ఊళ్లలో ఆరోగ్య సేవలు చూసే ప్రతి ఏఎన్‌ఎం దగ్గరా అర్హులైన దంపతుల రిజిస్టరు ఉంటుంది. కొత్తగా పెళ్లయినవారి పేర్లు అందులోనే ఉంటాయి. మా దగ్గర దాన్ని ఎక్కువగా కుటుంబ నియంత్రణ కోసమే తెరుస్తాం. వచ్చే సమావేశంలో ఆ పేర్లు ముందు పెట్టుకుని, ఎవరింటికి ఎవరు వెళ్లాలో ఆశా కార్యకర్తలతో కూర్చుని పంచుకుంటాను.