ఆర్‌సింక్ రీనేమ్ ప్యాచ్‌ని కంపైల్ రానివాళ్ల చేతికివ్వడం: నా అనుభవం

ఫైళ్లని ఒకచోటి నుంచి మరోచోటికి కాపీ చేసి సరిసమానంగా ఉంచే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌తో బ్యాకప్ తీసేవాళ్లకి ఇది పాత తలనొప్పే. పెళ్లి ఫోటోల ఫోల్డర్‌కి పేరు మార్చారా, అందులో ఉన్నవన్నీ కొత్త ఫైళ్లే అనుకుని మొత్తం మళ్లీ ఎక్కిస్తుంది. మందు లేక కాదు. ఆర్‌సింక్ సోర్స్ కోడ్ పక్కనే విడిగా దొరికే ప్యాచ్‌ల (కోడ్ సవరణల) టార్‌బాల్‌లో, అంటే కట్ట ఫైల్‌లో, డిటెక్ట్-రీనేమ్డ్ అనే డిఫ్ (మార్పుల ఫైల్) ఉంది. సైజూ, మార్పు టైమూ సరిపోయే పాత ఫైల్ అవతల, అంటే బ్యాకప్ చేరే చోట, దొరికితే దాన్నే ఆధారంగా తీసుకుని, తేడా మాత్రమే పంపుతుంది. కానీ "మీరే కంపైల్ చేసుకోండి" (సోర్స్ నుంచి ప్రోగ్రామ్‌ని మీరే తయారు చేసుకోండి) అని చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. ఫోటో స్టూడియో నడిపే మనిషి మేక్‌ఫైల్ (కంపైల్ సూచనల ఫైల్) ఎందుకు నేర్చుకోవాలి?

డెబియన్ 12 లినక్స్ మీద చేశాను. అక్కడి ఆర్‌సింక్ 3.2.7 కాబట్టి ప్యాచ్‌లూ అదే నంబరువి కావాలి. సోర్స్ మాత్రం డెబియన్ నుంచే, యాప్ట్ సోర్స్ కమాండ్‌తో తెచ్చుకోండి. 2025 జనవరిలో 3.4.0తో మూసిన భద్రతా లోపాలు అసలు 3.2.7 టార్‌బాల్‌లో అలాగే ఉన్నాయి. డెబియన్ వాళ్లు తమ సోర్స్‌లో సరిచేశారు. యాప్ట్ బిల్డ్-డెప్ కొడితే కంపైల్‌కి కావలసిన లైబ్రరీలన్నీ వచ్చేస్తాయి. ప్యాచ్ కమాండ్‌ని ముందు డ్రై-రన్‌తో (ఏమీ మార్చకుండా) నడపాలి. "ఆఫ్‌సెట్" అంటే ఫర్వాలేదు, "ఫెయిల్డ్" అంటే ఆగిపోండి. డిఫ్‌ని బ్రౌజర్ నుంచి కాపీ చేసి అతికిస్తే ట్యాబులు స్పేసులైపోయి హంకులు (డిఫ్‌లోని మార్పు ముక్కలు) వరసగా ఫెయిలవుతాయి. ఫైల్‌నే డౌన్‌లోడ్ చేయండి.

నన్ను వెర్రివాణ్ణి చేసింది ఆ తర్వాతి మెట్టు. కొత్త బైనరీని (కంపైలై వచ్చిన ప్రోగ్రామ్‌ని) సిస్టమ్‌దాని మీద ఎక్కిస్తే తర్వాతి అప్‌డేట్ దాన్ని తుడిచేస్తుంది, అందుకని నా మెషీన్‌లోనూ బ్యాకప్ సర్వర్‌లోనూ ఆప్ట్ ఫోల్డర్‌లో పెట్టాను. హెల్ప్‌లో డిటెక్ట్-రీనేమ్డ్ ఆప్షన్ కనబడుతోంది. రన్ చేస్తే "ఆన్ రిమోట్ మెషీన్: అన్‌నోన్ ఆప్షన్", ఎర్రర్ కోడ్ 1. సర్వర్‌లోకి లాగిన్ అయి చూస్తే అక్కడా కొత్త బైనరీయే పలుకుతోంది! సంగతేమిటంటే, ఆర్‌సింక్ ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా వేరే మెషీన్‌లోకి వెళ్లే దారితో) అవతల కమాండ్ నడిపినప్పుడు లాగిన్ షెల్ రాదు. ప్రొఫైల్ ఫైల్‌లో నేను రాసిన పాత్‌ని (ప్రోగ్రామ్‌లని వెతికే ఫోల్డర్ల జాబితాని) ఎవరూ చదవరు, పాత ఆర్‌సింకే లేస్తుంది. డేటా పంపేటప్పుడు ఈ ఆప్షన్‌ని అవతలికీ చెబుతుంది కాబట్టి పాతది గుడ్లు తేలేస్తుంది. ప్రతిసారీ ఆర్‌సింక్-పాత్ ఆప్షన్ ఇస్తే పని నడుస్తుంది, కానీ మామూలు వాళ్లచేత అది టైప్ చేయించలేం. అందుకే కంపైల్‌కి ముందు నడిపే కాన్ఫిగర్‌లోనే విత్-ఆర్‌సింక్-పాత్ అని ఇచ్చి, ఆప్ట్‌లోని పూర్తి దారిని బైనరీలోనే నాటేశాను. ఈ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

మిగతాది సులువే. మేక్ ఇన్‌స్టాల్‌కి డెస్ట్‌డిర్ ఇచ్చి ఖాళీ ఫోల్డర్‌లో దింపి, కంట్రోల్ ఫైల్ (ప్యాకేజీ వివరాల ఫైల్) రాసి, డీపీకేజీ-డెబ్‌తో ప్యాకేజీ కట్టడమే. అందులోని డిపెండ్స్ వరసలో ఎక్స్‌ఎక్స్‌హాష్, జెడ్‌స్టాండర్డ్, ఎల్‌జెడ్4, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పాప్ట్ లైబ్రరీలు మరవకండి. డెబియన్ సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కట్టి ఇవ్వాల్సిందే. ఆ ఓపిక లేకపోతే ప్యాకేజీ ఎవరికీ ఇవ్వకండి.

నెలనెలా డబ్బు కట్టించుకుని సొంత బైనరీ పెట్టనివ్వని స్టోరేజీ కంపెనీ ఒకటి తగిలింది. "సపోర్ట్ చేయం" అన్న ఒక్క ముక్క తప్ప జవాబు లేదు. అలాంటి చోట ఈ ప్యాచ్ దండగ. ఒకే మెషీన్‌లో డిస్క్ నుంచి డిస్క్‌కి కాపీ అయినా అంతే, అక్కడ ఆర్‌సింక్ మామూలుగా పూర్తి ఫైలే రాస్తుంది. పైగా పాత ఫైల్‌ని హార్డ్‌లింక్‌తో (అదే డేటాకి పెట్టే రెండో పేరుతో) పట్టుకుంటుంది కాబట్టి అవతలిది హార్డ్‌లింకులు కుదరని ఎక్స్‌ఫ్యాట్ డిస్క్ అయితే ఆశ పెట్టుకోకండి.