నిన్నటి చేపను నిన్నటిదని చెప్పి అమ్మడం

విశాఖలో చేపల కొట్టు తెరిచిన ఎవరికైనా మొదటి నెలలోనే పుట్టే అనుమానం ఒకటుంది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో ఇద్దరం ఒకే వేలంపాటలో కొన్నాం, ఒకేలా ఐసు వేయించుకుని ఆటో ఎక్కించాం. మరి పక్క కొట్టువాడు కిలోకి నలభై తగ్గించి ఎలా ఇస్తున్నాడు? ఆ నలభై ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. చాలాసార్లు అది తూకంలోంచో, నీళ్లలోంచో, "ఇప్పుడే దిగిందమ్మా" అన్న మాటలోంచో వస్తుంది.

లెక్క చూడండి. మీరు కిలో 400కి ఇస్తున్నారు. అతను 360 అంటాడు, చేతికి వచ్చేది 900 గ్రాములు. అసలు కిలోకి లెక్క కడితే అదీ 400లే. ధర దగ్గర అతనితో పోటీ పడబోతే నష్టపోయేది మీరే. పోటీని తూకం దగ్గరికి లాక్కురావాలి.

అందుకు కాటా ముఖం కొనేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు, కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించుకోవాలన్నది చట్టం. కానీ ఆ ముద్ర ఒక్కటే చాలదు. ఉప్పుగాలికి మన ఊళ్లో ఇనుము దేన్నీ నమ్మలేం, కాటా లోపలి భాగాలూ తుప్పు పడతాయి. రోజూ కొట్టు తెరవగానే ముద్ర ఉన్న కిలో రాయిని పళ్లెం మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి చూడండి. మూలకీ మధ్యకీ తేడా వస్తే మెకానిక్‌ని పిలవాల్సిందే. కాటా కింద బల్ల ఊగుతున్నా, పైన ఫ్యాను తిరుగుతున్నా అంకె నిలవదు. అన్నిటికంటే ఎక్కువ ముంచేది పళ్లెంలో చేరే ఐసు నీరు. కావాలని చేయకపోయినా ప్రతి తూకంలో కొన్ని గ్రాముల నీళ్లు అమ్ముతుంటారు. చిల్లుల పళ్లెం వాడి, ప్రతిసారీ సున్నా చూపించాకే చేప వేయాలి.

తగాదాలు ఎక్కువగా వచ్చేది శుభ్రం చేసిన తరవాతే. తల, పెంకు, నరం తీస్తే కిలో రొయ్యలు దాదాపు సగానికి వస్తాయి, రకాన్ని బట్టి కాస్త అటూఇటూ. కోనాం తల వదిలేస్తే పావు వంతుకి దగ్గరగా పోతుంది. ఇంటికెళ్లి తూచుకున్నావిడ మోసపోయాననే అనుకుంటుంది. ఆవిడ తప్పు లేదు, ఎవరూ చెప్పలేదంతే. చీటీ మీద రెండు అంకెలూ రాయండి: కోయకముందు ఎంత, కోశాక ఎంత. బోర్డు మీద కూడా శుభ్రం చేసిన కిలో ఎంత పడుతుందో పక్కనే ఉండాలి. పక్క కొట్టుతో పోల్చుకోవడానికి కొనేవాళ్లకి పనికొచ్చే అంకె అదొక్కటే.

ఇక మిగిలిపోయిన సరుకు. వేసవిలో కిలో చేపకి కిలో ఐసు పడుతుంది. దిమ్మని బాగా చితక్కొట్టాలి. పెద్ద గడ్డలైతే మధ్యలో ఖాళీలు మిగిలి చేప చల్లబడదు, పైగా కండ నలుగుతుంది. అడుగున ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు, పెట్టెకి కింద నీళ్లు పోయే కన్నం. ఇలా ఉంచిన కోనాం, చందువ మర్నాడు పులుసుకి నిక్షేపంగా పనికొస్తాయి. వాటిని వేరే రంగు ట్రేలో పెట్టి, "నిన్నటివి" అని చీటీ గుచ్చి, పొద్దున్నే ఇరవై ఇరవై ఐదు శాతం తగ్గించండి. సాయంత్రం దాకా పాత ధరకే ఆపి అప్పుడు తగ్గిస్తే కొనేవాళ్లూ ఉండరు, చేపా ఉండదు. ఆదివారం రద్దీలో కుర్రాళ్లు రెండు ట్రేలూ కలిపేస్తారు. అమ్మకం మీద కమీషన్ ఇస్తే మరీ కలిపేస్తారు. కాబట్టి వాళ్లకి జీతమే ఇవ్వండి.

కానాగంత, సూర చేపల సంగతి వేరు. ఐసు లేకుండా కొన్ని గంటలు ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు, తిన్నవాళ్లకి మొహం ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. అలాంటి సరుకుని సగం ధరకి కూడా అమ్మకూడదు, పారేయాలి. ఆ నష్టాన్ని మొదటి నుంచే ధరలో వేసుకోని కొట్టు నిజాయతీగా ఎక్కువ రోజులు నడవదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. తెప్పల మీద వచ్చే కొద్దిపాటి చేప తప్ప స్థానిక సముద్రపు సరుకు దొరకదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలుకాదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో అక్కడి చేప ఇక్కడికి రావచ్చు. కోల్డ్ స్టోరేజీదీ వస్తుంది, చెరువు పండుగప్పా వస్తుంది. వీటిలో ఏదీ చెడ్డది కాదు. మే నెలలో మంచుగడ్డలా ఉన్న కోనాంని కరిగించి "మన హార్బర్‌దే" అనడం మాత్రం పచ్చి అబద్ధం. బోర్డు మీద చెరువు, సముద్రం, ఫ్రోజెన్ అని మూడు గడులు గీసి రాస్తే సరిపోతుంది. దూరం నుంచి వచ్చిన సరుకుకి ఫార్మలిన్ (కుళ్లకుండా దొంగచాటుగా కలిపే విషపు మందు) భయం ఎక్కువ. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన కాగితపు పట్టీల కిట్ ఉంది. చేప మీద రుద్ది మందు చుక్క వేస్తే కాసేపట్లో రంగు చెబుతుంది. లోడు దించకముందే, సరఫరాదారు ఎదుటే చూడాలి. డబ్బిచ్చాక చూసి లాభం లేదు.

హోటళ్లకి వేసేటప్పుడు మరో చిక్కు. అక్కడ సరుకు తీసుకునే ఉద్యోగి తన చేతికి కిలోకి ఇంత అంటాడు. ఇస్తే అది మళ్లీ తూకంలోంచే లాగాలి, ఇంకో దారి లేదు. ఆ మొత్తాన్ని బిల్లులోనే హోటల్ పేరు మీద తగ్గింపుగా రాసి యజమానికి పంపండి. కొన్ని ఆర్డర్లు పోతాయి. మిగిలిన హోటళ్లకి పదిహేను రోజుల కంటే ఎక్కువ అప్పు పెట్టకండి, ఎందుకంటే చేతిలో రొక్కం లేనివాడు పాటలో మూడో రకం సరుకే కొంటాడు.