పెద్ద పార్కులో ఇద్దరికి ఒక రోజు: నడక, నీడ, తిరుగుదారి

పెద్ద పార్కుకి ఉత్సాహంగా బయల్దేరిన జంట సాయంత్రానికి ముభావంగా తిరిగొచ్చిందంటే కారణం చాలాసార్లు ఒకటే: అంతా చూసేద్దామనుకోవడం. చెరువు, గులాబీ తోట, మొక్కలు పెంచే గాజు ఇల్లు, ఆ చివర గుట్ట, మ్యాపు మీద అన్నీ వేలెడు దూరంలోనే ఉంటాయి. వాటి మధ్య ఎండలో ఇరవై నిమిషాల నడక ఉందని కాగితం చెప్పదు. మూడో గంటకి ఒకరి కాళ్ళు, ఇంకొకరి ఓపిక అయిపోతాయి. అందుకని ఏమేం చూడాలన్నది తర్వాత. ఎంత నడవగలరు, ఎక్కడ కూర్చుంటారు, ముందు ఈ రెండూ తేల్చుకోండి.

పని మీద వెళ్ళే మనిషి గంటకి 5 కిలోమీటర్లు నడుస్తాడు. సంచులు మోస్తూ, కబుర్లాడుకుంటూ, ఫొటోల కోసం ఆగుతూ నడిచే ఇద్దరికి 3 దాటదు. లెక్క 3తోనే వేయండి. పైగా పెద్ద పార్కుల్లో దారులు తిన్నగా ఉండవు, కావాలనే మెలికలు తిప్పుతారు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు పొడవు సుమారు 4 కిలోమీటర్లు, వెడల్పు ఒక కిలోమీటరు లోపే. అయినా దాన్ని చుట్టే లోపలి రోడ్డు దాదాపు 10 కిలోమీటర్లు ఉంటుంది. కబుర్ల నడకకి అది మూడు గంటల పైమాటే, అదీ ఎక్కడా కూర్చోకుండా. కాబట్టి మ్యాపు మీద తిన్నగా కొలిచిన దూరానికి కనీసం మూడో వంతు కలపండి. గుట్టలుంటే సగం.

రోజు మొత్తానికి 5, 6 కిలోమీటర్ల నడక చాలు. దాన్ని ఒక చుట్టు, ఒక మకాం అన్నట్టు పంచుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే దూరంగా, ఎత్తుగా ఉన్నవి చూసేయాలి. మధ్యాహ్నం మకాం. సాయంత్రం గేటుకి దగ్గరున్నవి. దీన్ని తిరగేసి దగ్గరివి ముందు చూస్తే, బాగా అలిసిపోయిన వేళకి గేటుకి బాగా దూరంగా ఉంటారు. ఇక అందరూ పోయే పెద్ద గేటునుంచే లోపలికి వెళ్ళాలని లేదు. మీరు మొదట చూడాలనుకున్న దానికి దగ్గరి గేటు చూసుకోండి. అయితే పక్క గేట్లు ముందే మూసేసే పార్కులున్నాయి, బయటికొచ్చే గేటు వేళలు విడిగా కనుక్కోండి. పడవలు, గాజు ఇళ్ళ వేళలు కూడా పార్కు వేళలతో కలవకపోవచ్చు. పార్కు తెరిచే ఉన్నా, మీరు దేనికోసం వెళ్ళారో దానికి తాళం పడి ఉంటుంది.

మకాం వెతకడం మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. రోజు బాగుండడం, పాడవడం ఇక్కడే తేలుతుంది.

నీడ నిలకడగా ఉండదు. పొద్దున చెట్టుకి పడమటి వైపు పడిన నీడ మధ్యాహ్నం దాటాక తూర్పుకి జరుగుతుంది. పదకొండింటికి పడమటి అంచున దుప్పటి పరిస్తే, తిండి డబ్బాలు తెరిచే వేళకి నడినెత్తిన ఎండ. మధ్యాహ్నం నుంచి ఉండబోతున్నారంటే, ఇప్పుడు కాస్త ఎండగా అనిపించినా చెట్టుకి తూర్పు వైపే పరుచుకోండి, నీడ మీ దగ్గరికే నడిచొస్తుంది. ఒంటరి చెట్టు కంటే నాలుగైదు చెట్ల గుంపు నయం, ఒకటి వదిలిన చోటిని ఇంకొకటి కప్పుతుంది. మొదలుకి ఆనుకుని కూర్చోవడం చూడ్డానికి బాగుంటుంది గానీ వేళ్ళు గుచ్చుకుంటాయి, చీమల దారి కూడా అక్కడే. ఓసారి తలెత్తి చూడండి: ఎండిన కొమ్మలుంటే ఆ చెట్టు వదిలేయండి. పెద్ద చెట్లు గాలి లేని వేసవి రోజున కూడా కొమ్మలు విడుస్తాయి. కింద తెల్లటి మరకలుంటే పైన పక్షుల కాపురం ఉందన్నమాట.

గడ్డి పైకి పొడిగానే కనిపిస్తుంది, తడి అంతా అడుగున ఉంటుంది. కాగితపు రుమాలు ఒకటి నేల మీద పెట్టి అరచేత్తో గట్టిగా అరనిమిషం నొక్కండి. చెమ్మ తగిలిందంటే పావుగంటలో బట్టలకీ తగులుతుంది. అందుకే రెండు పొరలు: కింద ప్లాస్టిక్ పట్టా, పైన నూలు దుప్పటి. ఇద్దరు కూర్చోవడానికి 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు చాలు. నడుం వాల్చాలంటే పొడవూ వెడల్పూ 2 మీటర్లు కావాలి. పల్లంలో పరవొద్దు, నీళ్ళూ దోమలూ చేరేది అక్కడే. కొద్దిపాటి వాలు మంచిది, తల ఎగువకి పెట్టి పడుకోవచ్చు. గడ్డిలో గుండ్రటి నల్ల మూతలు కనిపిస్తే అవి నీళ్ళు చిమ్మే గొట్టాలవి. ఎప్పుడు లేస్తాయో వాటి గడియారానికే తెలుసు, దూరంగా జరగండి. చెత్తడబ్బాకి దూరం, టాయిలెట్‌కి ఐదు నిమిషాల నడకలో: ఈ రెండూ కుదిరితే ఆ చోటు వదలొద్దు.

తిండి విషయంలో గొప్పలకి పోకండి. చేత్తో తినేవి, కారనివి, చల్లారినా రుచి పోనివి చాలు. వండినవి, పాలతో చేసినవి ఫ్రిజ్‌లోంచి తీశాక 2 గంటల్లో తినేయాలి. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మీరు తినేది బయల్దేరిన మూడు గంటలకైతే చల్లబెట్టే ఏర్పాటు ఉండాల్సిందే. తేలికైన ఉపాయం, ముందు రాత్రి నీళ్ళ సీసాలు గడ్డకట్టించడం. నిండుగా పోయకండి: నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, నిండు సీసా పగులుతుంది. నాలుగింట మూడొంతులు పోసి నిలబెట్టండి. సంచిలో వాటిని అడుగున కాకుండా తిండి పైన పెట్టండి, చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి. మధ్యాహ్నానికి అవే కరిగి తాగే నీళ్ళవుతాయి. ఆరు గంటల రోజుకి ఇద్దరికీ కలిపి 3 లీటర్లు తక్కువలో తక్కువ, ఎండలో నడకైతే ఇంకా కావాలి. 3 లీటర్లంటే 3 కిలోలు. ఒకే పెద్ద సంచి వద్దు, రెండు చిన్నవి చేసి చెరోటి మోయండి. ఒకరు మోసి ఇంకొకరు చేతులూపుకుంటూ నడిస్తే ఆ బరువు మాటల్లోకి ఎక్కుతుంది. తడిబట్ట, చెత్తకి సంచి మరవకండి. గాజు సీసాలకి చాలాచోట్ల అనుమతి ఉండదు.

ఇద్దరి నడక ఒకలా ఉండదు. నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు నడవనివ్వండి. వేగంగా నడిచేవాళ్ళు ముందుంటే ఆగి ఎదురుచూస్తారు, వెనకవాళ్ళు వచ్చీ రాగానే మళ్ళీ కదులుతారు. విశ్రాంతి దొరికేది ఎప్పుడూ ఆ ముందున్నవాళ్ళకే. చూసేవాటి విషయంలో చెరొకటి ‘ఇది తప్పనిసరి’ అని ముందురోజే చెప్పుకోండి. ఆ రెండూ అయితే రోజు అయినట్టే, మిగిలింది ఓపిక ఉంటే. మధ్యలో ఒక గంట ఏ పనీ పెట్టుకోకండి, పుస్తకమో నిద్రో ఎవరిష్టం వాళ్ళది. ఆకలి వేశాక చోటు వెతకడం కంటే, వేయడానికి అరగంట ముందే డబ్బా తెరవడం మంచిది. పార్కులో గొడవల్లో ఆకలి వాటా ఎక్కువ.

పడవ ఎక్కేట్టయితే పొద్దునే ఎక్కండి, ఎండ ముదిరేకొద్దీ గాలి లేస్తుంది. అడుగు అంచున కాకుండా మధ్యలో, వంగి వేయాలి. ఒకరు కుదురుగా కూర్చున్నాకే రెండోవారు ఎక్కాలి. తెడ్లు మార్చుకోవాలనిపిస్తే ఒడ్డుకొచ్చి మారండి, నడి నీళ్ళలో లేచి నిలబడితేనే పడవ తిరగబడుతుంది. ఇద్దరు తొక్కే సైకిలైతే బరువైనవారు, అలవాటున్నవారు ముందు సీట్లో. ఇద్దరూ ఒకే కాలితో మొదలుపెట్టాలి, ఆపే ముందు ముందువారు నోటితో చెప్పాలి. వెనకవారికి దారి కనిపించదు, బ్రేకూ ఉండదు, అలా కూర్చోవడం తేలిక కాదు. తీసుకునే ముందు నిలబెట్టి రెండు బ్రేకులూ నొక్కి చూడండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా రావాలి.

కొత్త చెప్పులు వద్దు. కరిచే చెప్పు మొదటి కిలోమీటరులోనే తెలిసిపోతుంది, అప్పటికి ఇల్లు దూరం. సన్‌స్క్రీన్ డబ్బా మీద SPF అంకె కనీసం 30 ఉన్నది, బయటికెళ్ళడానికి పావుగంట ముందు రాసి, రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. చెవులు, మెడ వెనక, పాదాల పైభాగం అందరూ మరిచే చోట్లు. ఒకరికొకరు రాసుకుంటే మరిచేది తగ్గుతుంది.

మెరుపు చూశాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి, ప్రతి 3 సెకన్లకి ఒక కిలోమీటరు. 30 లోపు వినపడిందంటే పిడుగు మిమ్మల్ని అందుకునే దూరంలో ఉంది. వెంటనే గోడలూ కప్పూ ఉన్న భవనంలోకి గానీ, అద్దాలు ఎత్తిన కారులోకి గానీ వెళ్ళండి. చెట్టు కింద, గోడల్లేని మంటపం కింద వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి రండి.

తిరుగు ప్రయాణం గేటు మూసే వేళనుంచి వెనక్కి లెక్కకట్టండి. గేటు దాకా నడకకి ఎంత పడుతుందో అంత, దానికి ఇంకో అరగంట. పొద్దెంతుందో చూడాలంటే చెయ్యి తిన్నగా చాపి, సూర్యుడికీ నేలగీతకీ మధ్య వేళ్ళు అడ్డంగా పేర్చండి, ఒక్కో వేలికి సుమారు పావుగంట. సూర్యుణ్ణి నేరుగా మాత్రం చూడకండి. బండి పెట్టిన చోటు గుర్తుకి ఒక ఫొటో పొద్దునే తీసి ఉంచండి, పక్కన కనిపించే బోర్డుతో సహా. మ్యాపు ఫోన్‌లోకి ముందే దింపుకుని, ఒక ఫోన్ ఆపేసి సంచిలో వేయండి. జనం ఎక్కువుంటే సిగ్నల్ దొరకదు, తప్పిపోతే కలుసుకునే చోటు ఒకటి మాట అనుకోండి. గేటు దాటాక తాగడానికి ఒక గ్లాసు నీళ్ళు, తొడుక్కోవడానికి చెరొక జత పొడి సాక్సులు మిగిల్చుకోండి.